“ఈ 28 సెకన్లు ఎవరు పెట్టారు సార్?” అని అడిగిన కుర్రాడి నోరు మూయించాను. ఇప్పుడేం చేయాలి?

షిఫ్ట్_బి_ఇన్‌చార్జ్:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ప్లాస్టిక్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. ఇంజెక్షన్ మౌల్డింగ్‌లోకి వచ్చి 17 ఏళ్లయింది. నా షిఫ్ట్‌లో 14 మెషిన్లు నడుస్తాయి. దానా (ప్లాస్టిక్ గింజలు) కరిగించి మౌల్డ్‌లోకి, అంటే అచ్చులోకి, కొట్టడం, చల్లారాక పార్ట్ బయటికి తీయడం, మళ్లీ కొట్టడం. బయటివాళ్లకి అంతా ఒకే పనిలా కనిపిస్తుంది కానీ ఏ పార్ట్ పేచీ దానిదే.

నాలుగు నెలల కిందట ఒక ట్రైనీ కుర్రాడు చేరాడు. వచ్చిన రోజు నుంచీ ప్రశ్నలే. దానాని వాడే ముందు ఎందుకు ఎండబెడతాం? తేమ ఉంటే పార్ట్ మీద వెండి చారలు పడతాయని చెప్పాను. మెషిన్ ఆపి మళ్లీ మొదలుపెట్టాక మొదటి కొన్ని పార్టులు ఎందుకు పక్కన పడేస్తాం? వేడి నిలకడకి రావాలి కదా అన్నాను. ఇలా రెండు నెలలు చెబుతూనే వచ్చాను. అతను అడిగినవాటిలో చాలావరకు ఎవరైనా వారం రోజులు పని చేస్తే వాళ్లకే తెలిసిపోయేవి.

ఒక రోజు ప్రొడక్షన్ మీటింగ్ జరుగుతోంది. టార్గెట్‌కి రెండు రోజులు వెనకబడి ఉన్నాం. మేనేజర్ ఎదురుగా కూర్చున్నారు, నాకు తల పగిలిపోతోంది. అప్పుడు ఈ కుర్రాడు చెయ్యెత్తి, “సార్, 6వ మెషిన్‌లో కవర్‌కి కూలింగ్ టైమ్ 28 సెకన్లు ఎవరు పెట్టారు?” అన్నాడు. నేను, “పెట్టినవాళ్లకి నీకంటే ఎక్కువే తెలుసు. ముందు పని నేర్చుకో, ప్రశ్నలు తర్వాత” అన్నాను. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. అతను కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మూడు వారాలు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెప్పిన పని చేస్తాడు, టైముకి వస్తాడు, వెళతాడు.

మూడు వారాల తర్వాత ఒక నైట్ షిఫ్ట్‌లో, ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంటే, పాత సెట్టింగ్ షీట్లు తీశాను. ఆ 28 సెకన్లు పాత మౌల్డ్‌వి. అప్పుడు కవర్ గోడ మందం 3 మిల్లీమీటర్లు. మూడేళ్ల కిందట కొత్త మౌల్డ్ చేయించారు, మందం 2.5 మిల్లీమీటర్లకి తగ్గించారు. చల్లారే సమయం మందం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుందని నాకు తెలుసు, ట్రైనింగుల్లో నేనే చెప్పాను. లెక్క వేస్తే 19, 20 సెకన్లు వచ్చింది. మూడేళ్లుగా 28 దగ్గరే నడిపిస్తున్నాం. రోజూ ఆ స్క్రీన్ చూస్తూనే ఉన్నాను.

ట్రయల్ పెట్టాం. 26, 24, 22 దాకా దిగినా పార్ట్ బాగానే ఉంది. 20 దగ్గర వంపు మొదలైంది. 22 దగ్గర స్థిరం చేశాం. మొత్తం సైకిల్ 46 సెకన్ల నుంచి 40కి వచ్చింది. అంటే గంటకి 78 షాట్లు పడేచోట 90 పడుతున్నాయి. ఏ కొత్త మెషినూ కొనకుండా.

కుర్రాడిని పిలిచి చెప్పాను. “సరే సార్” అన్నాడు. అంతే.

నేను అడగదలుచుకున్నవి రెండు. ఒకటి, అతను మళ్లీ నోరు విప్పాలంటే ఏం చేయాలి? రెండోది నన్ను ఇంకా ఎక్కువగా పీడిస్తోంది. కొత్తది ఏదైనా నిజంగా ఇలాంటి ప్రశ్నల నుంచే పుడుతుందా? లేక ఒక్కటి తగిలింది కాబట్టి నేను పెద్దగా అనుకుంటున్నానా? ముప్పై ప్రశ్నల్లో ఒకటి పనికొచ్చింది. ఆ ఒక్కటీ ఏదో ముందే ఎలా గుర్తుపట్టాలి?

పాత_ల్యాబ్_మనిషి:

ఇన్‌చార్జ్ గారూ, నేను 31 ఏళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. మీ 28 సెకన్ల సంగతి చదవగానే మా 48 గంటలు గుర్తొచ్చాయి. అది చెప్పకుండా ఉండలేను.

కడుపులో పుండ్లు ఒత్తిడి వల్ల, యాసిడ్ ఎక్కువవడం వల్ల వస్తాయని ఒకప్పుడు అందరూ నమ్మేవారు. అంత యాసిడ్‌లో బ్యాక్టీరియా బతకదన్నది పుస్తకాల్లో మాట. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే పాథాలజిస్టుకి 1979 నుంచి కడుపు లోపలి పొర ముక్కల్లో వంకర తిరిగిన బ్యాక్టీరియా కనిపిస్తూ వచ్చింది. తర్వాత బ్యారీ మార్షల్ అనే యువ డాక్టరు ఆయనతో కలిశాడు. ఆ బ్యాక్టీరియాని ల్యాబ్‌లో, పోషక పదార్థం పోసిన ప్లేట్ల మీద పెంచాలని చూశారు. ముప్పైకి పైగా రోగుల నమూనాలు పెట్టినా ఏమీ మొలవలేదు.

ఎందుకు మొలవలేదంటే, ల్యాబ్‌లో 48 గంటలు చూసి ప్లేట్లు పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవులొచ్చాయి. ప్లేట్లు సెలవులయ్యేదాకా ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే మొలిచి ఉంది. అది మెల్లగా పెరిగే జాతి, అంతే సంగతి. మనం ఈ రోజు హెలికోబాక్టర్ పైలోరీ అంటున్నది దాన్నే. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

చాలామంది ఆ తాగిన ఘట్టమే చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ 48 గంటల దగ్గరే మనసు ఆగిపోతుంది. అది తెలివితక్కువ నియమం కాదు. గొంతు నుంచి తీసిన నమూనాల విషయంలో సరైనదే. అక్కడ మామూలుగా ఉండే బ్యాక్టీరియా రెండు రోజుల్లో ప్లేటంతా అల్లుకుపోతుంది, ఆ తర్వాత చూసి లాభం లేదు. కడుపు నమూనాలో ఆ గుంపు ఉండదు. ఒకచోట సరైన అంకెని ఇంకోచోటికి మోసుకొచ్చారు. మీ పాత మౌల్డ్ అంకె కొత్త మౌల్డ్‌కి వచ్చినట్టే. “ఈ రెండు రోజులు ఎవరు పెట్టారు?” అని అక్కడ ఎవరూ అడగలేదు. సెలవులు రాకపోతే ఇంకెన్ని ప్లేట్లు చెత్తలోకి పోయేవో. మీ దగ్గర సెలవుల కోసం చూడక్కర్లేకపోయింది, మీకు ఆ కుర్రాడున్నాడు.

ఇక మీ రెండో ప్రశ్న. ప్రశ్న వినగానే అది గొప్పదో కాదో ఎవరికీ తెలియదని నా అనుభవం. సముద్రం నీలంగా ఎందుకుంటుంది? ఇది పిల్లలు అడిగే ప్రశ్న. దానికి బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త రేలీ వంటి మహానుభావుడి జవాబు కూడా అప్పటికే ఉంది, ఆకాశం రంగు నీళ్లలో ప్రతిఫలించడమే కారణమని. 1921లో ఓడ ప్రయాణంలో సి.వి.రామన్‌కి ఆ జవాబు ఆనలేదు. ఆయన దగ్గర చిన్న నికోల్ పట్టకం ఉంది, ప్రతిఫలించిన వెలుగుని ఆపగలిగే స్ఫటికం అది. నీటి మీంచి ప్రతిఫలించిన వెలుగుని దాంతో అడ్డుకుని చూశారు. ఆకాశపు వెలుగు పోయినా నీలం పోలేదు, ఇంకా చిక్కగా కనిపించింది. అంటే ఆ రంగు నీటిలోంచే వస్తోంది. నీటి అణువులు వెలుగుని చెదరగొట్టడం వల్ల అని ఆయన తేల్చారు (నీళ్లు ఎరుపుని పీల్చుకోవడమే ముఖ్య కారణమని ఇప్పుడంటారు).

ఆ ఓడలో ఎంతమంది ఆ నీలాన్ని చూసి ఉంటారు, ఎంతమంది ఎందుకని అనుకుని ఉంటారు! ఆయన దాన్ని అయిదు నిమిషాల్లో తేల్చగలిగే పరీక్షగా మార్చారు. అక్కడితో ఆగలేదు. 1923లో శిష్యుడు రామనాథన్‌కి ద్రవాల్లో ఒక బలహీనమైన వింత వెలుగు కనిపించింది. ద్రవంలో మలినం ఉందేమో అనుకున్నారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా ఆ వెలుగు పోలేదు. “పోవాల్సింది ఎందుకు పోవట్లేదు?” అన్న ప్రశ్నని పట్టుకుని అయిదేళ్లు నడిచారు. 1928 ఫిబ్రవరి 28న, కృష్ణన్‌తో కలిసి చేస్తున్న ప్రయోగాల్లో, అది రామన్ ఎఫెక్ట్‌గా తేలింది, అంటే చెదిరిన వెలుగులో కొంత రంగు మారడం. ఓడ మీద పుట్టిన ప్రశ్నకి అక్కడికి ఏడేళ్లు.

అందుకే మా ల్యాబ్‌లో జూనియర్ ఏదైనా అడిగితే నేను, “ఇది తేలాలంటే మన దగ్గరున్న సామానుతో రేపు ఏం చేసి చూడొచ్చు?” అని తిరిగి అడిగేవాణ్ణి. చెప్పగలిగితే చేయనిచ్చేవాణ్ణి. చెప్పలేకపోతే ప్రశ్నని నోట్‌బుక్‌లో రాసి ఉంచమనేవాణ్ణి. కొట్టేయమని మాత్రం ఎప్పుడూ అనలేదు. ఆ నోట్‌బుక్‌ల్లో రెండేళ్ల తర్వాత పనికొచ్చిన ప్రశ్నలున్నాయి. ఎప్పటికీ పనికిరానివీ చాలా ఉన్నాయి. ముందే ఏరడం నాకు చేతకాలేదు, చేతనయినవాళ్లని కూడా నేను చూడలేదు.

గ్రీజుచేతులు:

ల్యాబ్ సార్ చెప్పింది బాగుంది. అయినా నాది కొంచెం వేరే మాట. నేను మెయింటెనెన్స్‌లో పని చేస్తాను. మా దగ్గర ప్రశ్నకి ఏడేళ్లు ఇవ్వరు, లైన్ ఆగితే ఏడు నిమిషాలు కూడా ఇవ్వరు.

ఇన్‌చార్జ్ అన్నా, ఆ రోజు మీటింగ్‌లో మీరు ఆపడం పూర్తిగా తప్పని నేననను. అందరి ముందు అలా అనడం తప్పు. టార్గెట్ తన్నుకుంటున్న మీటింగ్‌లో ఆ చర్చకి చోటు లేకపోవడం మాత్రం నిజం. “మంచి ప్రశ్న, షిఫ్ట్ అయ్యాక మెషిన్ దగ్గర చూద్దాం” అంటే సరిపోయేది.

ఇంకోటి. అంకె వెనక కారణం తెలియకపోతే అంకె తప్పని కాదు. మా దగ్గర ఒకసారి రెండో పంపు స్టార్ట్ అవడానికి 8 సెకన్ల టైమర్ ఉండేది. ఎందుకో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన ఒకాయన అడిగాడు, ఎవరూ చెప్పలేకపోయారు, అనవసరం అని తీసేశాడు. మామూలు రోజుల్లో ఏమీ కాలేదు. ఒక రోజు కరెంటు పోయి తిరిగి రాగానే రెండు పంపులూ ఒకేసారి లాగాయి. మెయిన్ బ్రేకర్ ట్రిప్ అయింది, ప్లాంటంతా ఆగింది. ఆ 8 సెకన్లు దానికోసమే పెట్టారు. రాసి పెట్టలేదంతే. మీరు 28 నుంచి నేరుగా 19కి దూకకుండా రెండేసి సెకన్లు దిగారు చూడండి, అది నాకు నచ్చింది. లెక్క 19 అంది, పార్ట్ 22 అంది. పార్ట్ మాటే వినాలి.

“ఎందుకు” అని అయిదుసార్లు అడగమని టొయోటా పద్ధతి ఉంది కదా. టొయోటా ఇంజనీరు తైయిచి ఓనో చెప్పిన ఉదాహరణ మాకు గోడ మీద ఉండేది. మెషిన్ ఎందుకు ఆగింది? ఓవర్‌లోడ్ అయి ఫ్యూజ్ పోయింది. ఓవర్‌లోడ్ ఎందుకు? బేరింగ్‌కి సరిగా ఆయిల్ అందలేదు. ఎందుకు అందలేదు? పంపు సరిగా తోడలేదు. ఎందుకు తోడలేదు? దాని షాఫ్ట్ అరిగిపోయింది. ఎందుకు అరిగింది? జాలీ లేదు, ఇనుప రజను లోపలికి పోయింది. ఫ్యూజ్ మార్చి ఊరుకుంటే మళ్లీ ఆగుతుంది, జాలీ పెడితే ఆగదు. ఇది బంగారం లాంటి పద్ధతి.

కానీ మనుషుల దగ్గర మూడో “ఎందుకు” వచ్చేసరికి అది “ఎవరు” అయిపోతుంది. ఆపరేటర్ గోడకి జరిగిపోయి తప్పు తనది కాదని చెప్పడం మొదలుపెడతాడు, నిజం అక్కడే ఆగిపోతుంది. మీ కుర్రాడు కూడా “ఎవరు పెట్టారు” అనే అడిగాడు. మీకు సర్రుమనడానికి అదీ ఓ కారణమేమో. నేనయితే మావాళ్లకి “ఎప్పటి నుంచి ఇలా ఉంది? అంతకుముందు ఏం మారింది?” అని అడగమని చెబుతాను. ఆ ప్రశ్నకి ఎవరూ భయపడరు, అందరూ కలిసి గుర్తు తెచ్చుకోవడానికి చూస్తారు. “28 ఎప్పటి నుంచి?” అని ఉంటే మౌల్డ్ మారిన సంగతి ఆ మీటింగ్‌లోనే బయటపడేదేమో.

మూడేళ్ల_జూనియర్:

నేను డిజైన్ టీమ్‌లో పని చేస్తున్నాను, మూడేళ్లయింది. ఆ కుర్రాడి వైపు నుంచి చెబుతానండీ.

“సరే సార్” అన్నాడంటే అలిగాడని అనుకోకండి. అందరూ నవ్విన తర్వాత మనసులో ఒక లెక్క మొదలవుతుంది. ఇది అడిగితే ఏమనుకుంటారు, నాకు తెలియదని తెలిసిపోతుందా, ఎవరినైనా తప్పుపట్టినట్టు ఉంటుందా. ఆ లెక్క పూర్తయ్యేసరికి మీటింగ్ అయిపోతుంది. కొన్నాళ్లకి ప్రశ్న నోటిదాకా రావడమే మానేస్తుంది. ఇంకొన్నాళ్లకి పుట్టడమే మానేస్తుంది. నాకు ఏడాదిపాటు అలాగే అయింది. ఆ ఏడాది నేను గీసిన డ్రాయింగుల్లో తప్పుల్లేవు, కొత్త ఆలోచన కూడా ఒక్కటీ లేదు.

మీరు విడిగా పిలిచి చెప్పారు, మంచిదే. కానీ ఆ మాట అందరి ముందు పడింది. దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా అందరి ముందే జరగాలి. మా లీడ్ నా విషయంలో అదే చేశారు. అదే గది, అదే మనుషులు. “ఆ రోజు ఈ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న, నేను వినలేదు” అన్నారు. రెండు వాక్యాలే. ఇంటికెళ్లి ఏడ్చాను.

ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇచ్చేటప్పుడు జరిగే పొరపాట్ల మీద పని చేశారు. మంచి టీముల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని చూస్తే, మంచి టీముల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారా, లేక తప్పుల గురించి భయపడకుండా మాట్లాడుతున్నారా అని ఆవిడకి అనుమానం వచ్చింది. చూస్తే రెండోదే. మీ షిఫ్ట్‌లో ఈ మూడు వారాలు ప్రశ్నలు లేవంటే సందేహాలు తీరిపోయాయని కాదు కదా.

ఇంకొక్క మాట. 1967లో జోసెలిన్ బెల్ కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని. రేడియో టెలిస్కోపు రోజుకి దాదాపు 30 మీటర్ల చార్టు కాగితం గీసేది, అంతా ఆవిడ కంటితో చూడాలి. అందులో ఒకచోట అర సెంటీమీటరుకి కాస్త ఎక్కువ, అలికినట్టున్న గీత. అది ఆవిడ వెతుకుతున్న మిణుకుమనే రేడియో మూలంలా లేదు, మనుషులు చేసే రేడియో గోలలా కూడా లేదు. ఆవిడ పాత కాగితాలు వెనక్కి తిప్పింది. అదే గీత, ఆకాశంలో అదే చోటు నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది. గైడు మొదట మనుషుల రేడియో సంకేతమే అయి ఉంటుందన్నా ఆవిడ వదల్లేదు. అది 1.3 సెకన్లకోసారి కొట్టుకుంటున్న పల్సర్ (గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు పంపే నక్షత్రం) అని తేలింది, అలాంటిది అంతకుముందు ఎవరూ చూడలేదు. 1974లో ఆ పనికి నోబెల్ గైడుకి వచ్చింది, ఆవిడకి రాలేదు.

అందుకని, మీ సెట్టింగ్ షీట్‌లో 28 కొట్టేసి 22 రాశారు కదా, పక్కన ఆ కుర్రాడి పేరు రాయండి. దయచేసి రాయండి.

మాత్రల_కెమిస్ట్:

మందుల తయారీలో ఉన్నాను. ముప్పైలో ఇరవై తొమ్మిది పనికిరాలేదని ఇన్‌చార్జ్ గారు అన్నారు కాబట్టి ఒక్క విషయం చెప్పి ఆగుతాను. పనికిరాని జవాబులోంచి కూడా ప్రశ్న పుడుతుంది.

1940ల్లో పిల్లల్లో లుకేమియాకి (రక్త క్యాన్సర్‌కి) మందే లేదు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చి చూశారు. తగ్గకపోగా జబ్బు ఇంకా వేగం పుంజుకున్నట్టు కనిపించింది. చాలామంది ఆ దారి మూసేసేవారు. ఆయన తిప్పి అడిగారు: ఇది ఇస్తే జబ్బు పెరుగుతోందంటే, దీన్ని అడ్డుకుంటే ఏమవుతుంది?

అడగడం వరకు ఆయనది. అడ్డుకునే పదార్థం ఎవరో చేసి ఇవ్వాలి కదా. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు అప్పటికి లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తున్నారు, ఫోలిక్ యాసిడ్ తయారీ ఆయన బృందానికి కొట్టిన పిండి. ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అక్కడి నుంచే వచ్చింది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు, 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం పాటు గుణం కనిపించింది. కొంతకాలమే, కానీ అంతకుముందు అదీ లేదు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఈ రోజుకీ వాడుతున్నాం.

ప్రశ్న ఒకరిది, చేతులు ఇంకొకరివి. మీ విషయంలోనూ కుర్రాడికి ప్రశ్న ఉంది, మందానికీ చల్లారే టైముకీ ఉన్న లెక్క మీ దగ్గరుంది. మీరు ఆ రాత్రి షీట్లు తీయకపోతే ఆ ప్రశ్న ఎంత మంచిదైనా గాలిలో కలిసిపోయేది. మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి.

షిఫ్ట్_బి_ఇన్‌చార్జ్:

అందరికీ చాలా థ్యాంక్స్. జవాబులు రెండేసిసార్లు చదివాను. పది రోజుల తర్వాత వస్తున్నాను, జరిగింది చెబుతాను.

సోమవారం మీటింగ్‌లో బోర్డు మీద 3, 2.5, 28, 22 అని నాలుగు అంకెలు రాశాను. లెక్క వివరించాను. “ఈ ప్రశ్న అడిగింది ఇతను. నేను అందరి ముందు ఆపాను. తప్పు నాది” అన్నాను. అనేముందు గొంతు పట్టేసింది, అది నిజం. మేనేజర్ ఏమీ అనలేదు. సెట్టింగ్ షీట్‌లో పేరు రాశాను. కుర్రాడు ఆ రోజు తల కూడా ఎత్తలేదు.

గురువారం షిఫ్ట్ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితం. 14 మెషిన్ల సెట్టింగులూ రాసుకున్నాడు, ఏ అంకె ఏ తేదీన పెట్టారో వెతికాడు. తేదీ లేని చోట చుక్క పెట్టుకున్నాడు. “సార్, 9వ మెషిన్‌లో పాలికార్బొనేట్ దానా ఎండబెట్టే టైమ్ 6 గంటలుంది. సప్లయర్ షీట్‌లో 4 గంటలే ఉంది. ఇలా ఎప్పటి నుంచి ఉంది?” అన్నాడు. గ్రీజుచేతులు గారూ, “ఎప్పటి నుంచి” అని అడగమని నేను చెప్పలేదు, అతనే అలా అడిగాడు.

నాకు తెలియదన్నాను. 17 ఏళ్లలో ఒక ట్రైనీతో ఆ మాట అనడం ఇదే మొదటిసారి. ల్యాబ్ సార్ చెప్పినట్టు, తేలాలంటే రేపు ఏం చేసి చూడొచ్చని అడిగాను. 4 గంటలు ఎండబెట్టి ఒక చిన్న బ్యాచ్ కొట్టి చూద్దాం సార్ అన్నాడు.

కొట్టాం. వెండి చారలు వచ్చాయి, దాదాపు ప్రతి పార్ట్‌కీ. అక్కడున్న ఆపరేటర్ “చూశారా, 6 గంటలే కరెక్ట్” అన్నాడు. నేనూ అంతే అనుకున్నాను. కుర్రాడు మాత్రం కదల్లేదు. “అదే దానా, 11వ మెషిన్‌లో 4 గంటలకే బాగా వస్తోంది కదా సార్” అన్నాడు. నిజమే.

డ్రయర్ విప్పించాం. లోపల తేమ పీల్చే డెసికెంట్ పూర్తిగా అయిపోయింది. గాలి వేడిగా వస్తోంది కానీ పొడిగా రావట్లేదు. ఎవరో ఎప్పుడో చారలు చూసి, 4ని 6 చేసి ఊరుకున్నారు. అంకె పెంచితే జబ్బు కనపడలేదు. డెసికెంట్ మార్చాక 4 గంటలకే పార్ట్ శుభ్రంగా వచ్చింది.

నేను సంతోషంలో ఉన్నాను. అతను ఇంకా ఆ పాత డెసికెంట్ గింజలు చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. “అయితే ఇది ఎప్పుడు అయిపోయింది సార్?” అన్నాడు.

మా దగ్గర దానికి రికార్డు లేదు. డ్రయర్ లాగ్‌లో ఆ కాలమే లేదు. నిన్న స్కేలు పెట్టి ఆ కాలమ్ గీశాడు. 14 షీట్లలోనూ గీశాడు.